చేద తోడిన విషం

రావిగుంట కాలనీలో మగవాడు పొద్దున్నే పాలక్యాను పట్టుకుని నడుస్తుంటే అందులో పాలున్నాయని ఎవరూ అనుకోరు. ఇరవై నాలుగు గంటల మూత్రం, ఒక్క చుక్క పోకుండా, అణు కేంద్రంలోని పరీక్షశాలకు చేర్చాలి. అదీ ప్లుటోనియంతో పనిచేసే చోటి ఆచారం. కొత్త కోడళ్ళు మొదట్లో ముక్కు మూసుకుంటారు. ఏడాది తిరిగేసరికి "ఏవండీ, క్యాను మర్చిపోయారు" అంటూ వాళ్ళే గుమ్మం దాకా తెచ్చి అందిస్తారు.

ఆ క్యాన్లన్నీ చివరికి చేరేది మాణిక్యాంబ దగ్గరికి. యాభై నాలుగేళ్ళ మనిషి, పరీక్షశాలకు పెద్ద. క్యాన్లు ఎత్తి దించి, మరగబెట్టి, అడుగున మిగిలిన బూడిదను యంత్రం కింద పెట్టి కొలిచే పని మాత్రం ఆమె సహాయకుడు జిలానిది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని తనమీద తనే జోకులు వేసుకుంటాడు కానీ, అతని చేతిలో కొలత తప్పిన రోజు లేదు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పదకొండు క్యాన్లు ఒకేసారి వచ్చాయి. ప్లుటోనియం పొడిని తాకకుండా పనిచేయడానికి గాజు పెట్టెలుంటాయి. వాటికి అమర్చిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి లోపలి పని చేస్తారు. అంతకు ముందు రోజు ఆ తొడుగు ఒకటి చిరిగింది. లోపల పొడికి నిప్పంటుకుంది. మంట ఆర్పడానికి నిమిషమున్నర పట్టింది. ఆ నిమిషమున్నరలో ఒక్కొక్కరు పీల్చింది ఆవగింజలో వెయ్యో వంతు కూడా ఉండదు. పదకొండో క్యాను మీద పేరు శేషగిరి. మాణిక్యాంబ మొగుడు.

ప్లుటోనియం బయట ఉన్నంతసేపు పెద్దమనిషే. దాని కిరణం కాగితం ముక్కను దాటలేదు, మనిషి తోలును దాటలేదు. ఊపిరితో లోపలికి పోయిందా, ఇక అద్దెకు దిగి ఇల్లు కాజేసినవాడితో సమానం. రక్తంలో దిగి కాస్త కాలేయంలో, కాస్త ఎముకల్లో కూర్చుంటుంది. యాభై ఏళ్ళయినా లేవదు. కూర్చున్న చోట పక్క కణాలను ఒక్కొక్కదాన్నే కాలుస్తూ ఉంటుంది. ఏ పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో అక్కడ గడ్డ లేస్తుంది. మొదటి రోజుల్లో ఎక్కించిన మందు రక్తంలో ఉన్నంతవరకే కడిగింది. ఎముకకు చేరింది చేరినట్టే ఉండిపోయింది.

శేషగిరి ముప్పై ఏళ్ళు ఆ గాజు పెట్టెల దగ్గర పనిచేసినవాడు. ఎముకలో ఉన్నది పక్కవాడికి అంటదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పినవాడు. అయినా ఆ రోజు నుంచీ వేరే కంచం, వేరే చాప, ఎవరి దగ్గరైనా వెనక్కి కట్టుకున్న చేతులు. ఏడాదిన్నర తర్వాత కూతురు సౌగంధి పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. అల్లుడు ఓడలో ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే ఉంటాడు కనుక తల్లీబిడ్డా అక్కడే ఉన్నారు. మనవరాలు మైత్రిని శేషగిరి గుమ్మం బయట నిలబడి చూసేవాడు.

"ఎముకలోది బయటికి రాదండీ. ఎన్నిసార్లు చెప్పాలి?" అని మాణిక్యాంబ విసుక్కునేది.

"నువ్వు చెప్పేది బుర్రకెక్కుద్ది మాణిక్యం. చేతులకెక్కటంలా" అనేవాడు శేషగిరి, ఆ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

ఆ వెనక్కి కట్టుకున్న చేతుల కోసమే ఆమె మందు కనిపెట్టింది. దేశానికీ శాస్త్రానికీ అని తర్వాత కాగితాల్లో రాశారు కానీ, అసలు సంగతి ఇదే. ఏడాదికి పైగా పట్టింది. నూతిలోంచి నీళ్ళు తోడే బొక్కెనలా ఎముకలోంచి ప్లుటోనియాన్ని పట్టుకుని పైకి లాగే అణువు అది. పరీక్షశాలలో దానికి చేద అని పేరు పెట్టుకున్నారు. సూదులూ సెలైన్లూ అక్కర్లేదు, పొద్దున్నే ఒక మాత్ర. కడుపులో కరగకుండా పేగు దాటి రక్తంలోకి పోయేలా దాన్ని మలచడం తన గొప్పతనమని మాణిక్యాంబ నమ్మకం. గొప్పతనమే, కాదనలేం.

పదకొండు మందీ మింగారు. ప్రతి నెలా బయటి కిరణాలు చొరబడని ఉక్కు గదిలో పడుకోబెట్టి పుర్రె మీదా మోకాలి మీదా యంత్రం పెట్టి కొలిచేవారు. నెలనెలా అంకె దిగింది. క్యాన్లలో అంకె ఎక్కింది. కేంద్రం డాక్టరు పినాకపాణి ఆనందం పట్టలేక మిఠాయి పంచాడు.

ఆ మిఠాయి నోట్లో ఉండగానే జిలాని ఒక మాట అడిగాడు.

"మేడమ్, ఎముకల్లోంచి పోయినయి వంద పాళ్ళనుకోండి. క్యాన్లలోకి అరవై ఎనిమిది వచ్చినయి. ముప్పై రెండు యాడికి పోయినట్టు?"

"చెమట" అంది మాణిక్యాంబ.

"చొక్కాలు ఉతికిన నీళ్ళూ చూశా, మలమూ చూశా మేడమ్. లేదు."

పినాకపాణి "లాలాజలంలో ఉందేమో చూడండి" అన్నాడు. సరైన మాటే అన్నాడు. కానీ క్యాంటీనులో నీళ్ళ గ్లాసుల అంచులు కాగితంతో తుడిచి పరీక్షించడం ప్రతి శుక్రవారం ఎలాగూ జరిగేదే. ఆ కాగితాలు చూశారు. ఆరు నెలల కాగితాల్లో ఒక్కదానిమీదా మచ్చ లేదు. లాలాజలంలో లేదని రాసుకున్నారు. ఆ పదకొండు మందిలో గ్లాసును పెదవికి ఆనించి తాగేవాడు ఒక్కడూ లేడు. తలెత్తి, పైనుంచి గొంతులో పోసుకుంటారు, అమ్మ నేర్పినట్టు. టీ కాగితపు కప్పుల్లో తాగి బుట్టలో పారేస్తారు. ఆ కాగితాలు చూసిన మాణిక్యాంబా, పినాకపాణీ, జిలానీ కూడా అలా తాగేవాళ్ళే. అందుకే ఎవరికీ తట్టలేదు.

ఇంకో పత్రం కూడా ఉంది. మందు మొదలుపెట్టేటప్పుడు సంతకం చేయించినది. 'మీ ఎంగిలి ఇంట్లో ఎవరైనా తింటారా?' అని అందులో ప్రశ్న. పదకొండు మందీ మొహం చిట్లించి లేదని రాశారు. శేషగిరి అయితే "మాదేమన్నా అట్టాటి కొంపా?" అని పినాకపాణిని కోప్పడ్డాడు కూడా.

మాణిక్యాంబ నివేదికలో ఆ ముప్పై రెండు పాళ్ళకు ఎదురుగా 'కొలతల్లో తేడా' అని రాసింది. అంత తేడా ఏ కొలతలోనూ ఉండదని ఆమెకు తెలుసు. తెలిసినా రాసింది. మొగుడి ఎముకల్లో లేదు కదా, ఎటు పోతే ఏం అనుకుంది. మనిషి కదా.

సున్నా వచ్చిన రోజు ఆమె ఆఫీసు నుంచి ఇంటికి దాదాపు పరుగున వచ్చింది. సౌగంధి ఒడిలోంచి ఏడు నెలల మైత్రిని తీసుకుని, అరుగు మీద కూర్చున్న శేషగిరి దగ్గరికి వెళ్ళింది.

"సున్నా వచ్చింది. పుర్రెలో సున్నా, మోకాలిలో సున్నా. ఇంద, ఎత్తుకోండి."

శేషగిరి లేచి పెరట్లోకి పోయి మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కుని వచ్చాడు. చేతులు చాచి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"నిజంగానేనా మాణిక్యం?"

"నా మాట మీద నమ్మకం లేదా? మీ ఒళ్ళు ఇప్పుడు నా ఒంటికంటే శుభ్రం."

ఎత్తుకున్నాడు. మైత్రి అతని మీసం పట్టుకుని లాగింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కూతురు చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా భోరున ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి సౌగంధి ఏడ్చింది, మాణిక్యాంబ నవ్వింది.

సున్నా వచ్చినా మాత్ర ఆపకూడదన్నారు, రోజూ మింగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ పిల్ల తాత చంక దిగలేదు. శేషగిరి ఆ పిల్లను సాకడానికే రాసిపెట్టి పుట్టినవాడిలా తయారయ్యాడు. పప్పన్నం వేడిగా ఉందేమోనని ముందు తను నోట్లో పెట్టుకుని, సగం నమిలి, వేలితో తీసి పిల్ల నోట్లో పెట్టేవాడు. జంతిక ముక్కను తన బుగ్గన నానబెట్టి మెత్తపడ్డాక ఇచ్చేవాడు. అరటిపండు ఒక కొరుకు తనది, ఒక కొరుకు దానిది. తాత దవడ కదిలితే చాలు, మైత్రి పిచ్చుకపిల్లలా నోరు తెరిచేది.

"నాన్నా, ఎంగిలి!" అని సౌగంధి ఒకసారి అన్నది.

"పసిబిడ్డకి ఎంగిలేందే పిచ్చిదానా! నిన్ను మీ నాయనమ్మ ఇట్టాగే సాకింది" అన్నాడు శేషగిరి.

మాణిక్యాంబ ఆ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఆ మాట విన్నది. నిజమే కదా అనుకుంది. పత్రంలో లేదని రాసిన పదకొండు మందీ అబద్ధం రాయలేదు. పిల్లల నోటికి పెట్టేది ఎంగిలి అని వాళ్ళ జన్మలో ఎవరూ అనుకోలేదు.

శ్రావణంలో శేషగిరికి దవడ పన్ను కదిలింది. కాలనీ ఆసుపత్రిలో పీకించుకున్నాడు. కేంద్రం మనుషుల ఒంట్లోంచి ఏది ఊడినా, గోరైనా పన్నైనా, పరీక్షశాలకు పంపాలని నియమం. పన్నూ, దాని చుట్టూ పెట్టిన దూదీ చిన్న సంచీలో వేసి పంపారు. దూది పంపక్కర్లేదు. ఆ నర్సమ్మ కొత్తది, తెలియక వేసింది.

జిలాని రెండింటినీ విడివిడిగా ఎండబెట్టి, కాల్చి, బూడిదను యంత్రం కింద పెట్టాడు. మాణిక్యాంబ గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పన్ను శుభ్రం మేడమ్."

"తెలిసిందేగా."

"దూది కాదు మేడమ్."

ఆమె వెళ్ళి చూసింది. అంకె చూసి యంత్రం పాడైందనుకుంది. కొత్త దూది పెడితే సున్నా చూపించింది. మళ్ళీ ఆ బూడిద పెడితే అదే అంకె. చేద ఎముకలోంచి తోడినదాంట్లో మూడో వంతు దవడల కింది ఉమ్మి గ్రంథుల్లో చేరి, అక్కడి నుంచి నోట్లోకి ఊరుతోంది. యంత్రాన్ని పుర్రె మీద పెట్టారు, మోకాలి మీద పెట్టారు, దవడ మీద ఎవరూ పెట్టలేదు.

మామూలు ప్లుటోనియం కడుపులోకి పోతే పెద్ద భయం లేదు. దాదాపు అంతా అలాగే బయటికి పోతుంది. కానీ ఇది చేదకు తగులుకున్న ప్లుటోనియం. పేగు దాటి రక్తంలోకి పోవాలనే కదా ఆమె దాన్ని ఏడాదికి పైగా మలిచింది! రోజూ మాత్ర మింగేవాడి ఒంట్లో అది ఎముక మీద వాలదు. మింగనివాళ్ళ ఒంట్లో చేద ఒక్క పూటలో విరిగిపోయి, తెచ్చింది తెచ్చినట్టు ఎముకలో దించేస్తుంది. పెరిగే ఎముకయితే మరీ ఇష్టంగా పట్టుకుంటుంది.

రెండేళ్ళు విషం ఎముకల్లో ఉన్నప్పుడు శేషగిరి ఎవరికీ అపకారి కాడు. పిల్లను గుండెల మీద పడుకోబెట్టుకున్నా ఏమీ అయ్యేది కాదు. శుభ్రమయ్యావని చెప్పి పిల్లను చేతిలో పెట్టినప్పటి నుంచే పిల్లను ఇవ్వరాని మనిషయ్యాడు. ఆ చెప్పినదీ, చేతిలో పెట్టినదీ మాణిక్యాంబే.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నాపరాళ్ళ అరుగు మీద శేషగిరి కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మైత్రి నోరు తెరుచుకుని ఉంది. అతని వేళ్ళు నోట్లోంచి బయటికి వస్తున్నాయి.

"వద్దూ!"

వీధిలో పోయేవాళ్ళు ఆగారు. శేషగిరి చెయ్యి గాలిలోనే ఆగింది. మాణిక్యాంబ పిల్లను ఒక్క గుంజు గుంజి తీసుకుని, చీర కొంగుతో దాని నోరు లోపలిదాకా తుడిచింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది, తుడిచినందుకు కాదు, ముద్ద అందనందుకు.

శేషగిరి భార్య మొహం చూశాడు. ముప్పై ఏళ్ళు ఆ పనిలో ఉన్నవాడికి వివరంగా చెప్పనక్కర్లేదు.

"నా నోట్లోనా?" అన్నాడు.

ఆమె తలూపింది. అతను వేళ్ళ మీది అన్నాన్ని కంచంలో కాదు, అరుగు మీదా కాదు, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు కాలనీలో పాలక్యాను పట్టుకుని నడిచినది సౌగంధి. పిల్ల ఉచ్చగుడ్డలు పిండి నింపిన క్యాను. మిగతా పది ఇళ్ళ నుంచి ఇంకో ముగ్గురు పిల్లల క్యాన్లు వచ్చాయి. ఆ ఇళ్ళకు కబురు చెప్పడానికి మాణిక్యాంబే స్వయంగా వెళ్ళింది. ఒక ఇంట్లో ఆమె మీద చెంబు విసిరారు. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు, చెప్పింది అర్థం కాక. నాలుగు క్యాన్లలోకీ ఎక్కువ అంకె మైత్రిది. ముద్దుచేసిన కొద్దీ అంకె.

ఆ సాయంత్రం వంటింట్లో సౌగంధి పిల్లకు పాలిస్తూ అడిగింది. గొంతు పెంచలేదు.

"అమ్మా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నాన్న చేతికి దీన్ని ఇచ్చిన రోజు... ఆ ముప్పై రెండు పాళ్ళు ఎటుపోయినయ్యో తెలీదని నీకు తెలుసా?"

జిలాని చెప్పి ఉంటాడు. అబద్ధం చెప్పడానికి మాణిక్యాంబకు నోరు రాలేదు. ఒకసారి కాగితం మీద చెప్పి చూసింది కదా.

"తెలుసు" అంది.

"తెలిసి ఇచ్చావా?"

"మీ నాన్న ఏడుపు చూడలేకపోయానమ్మా. రెండేళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని..."

"నాన్న కోసం నా బిడ్డనిచ్చావు."

"అట్లా అనుకోలేదే!"

"అనుకోలేదులే" అంది సౌగంధి. పిల్లను రెండో వైపుకు మార్చుకుంది. ఆ తర్వాత ఆమె తల్లిని అమ్మా అని పిలవలేదు. అవసరమైతే జిలానిలాగే మేడమ్ అనేది.

పినాకపాణి తలవంచుకుని చెప్పాడు. అలా వదిలేస్తే పదేళ్ళు దాటేలోపే ఎముకలో గడ్డ ఖాయం. తీయగలిగేది ఒక్కటే, చేద. చిన్న మోతాదు, మూడేళ్ళు. మాత్ర మొదలుపెట్టిన రోజు నుంచి పిల్ల నోరూ తాత నోరులాంటిదే అవుతుంది. తల్లి రొమ్ము పట్టకూడదు. ముద్దు పెట్టకూడదు. ఏడాది పిల్ల ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది, చొంగ కారుస్తుంది, ఎవరి మీద పడితే వాళ్ళ మీద తుమ్ముతుంది. ఒక్కో పిల్లను ఒక్కో గాజు గదిలో ఉంచాలి.

మొదటి వారం నర్సమ్మలు తొడుగులూ ముసుగులూ వేసుకుని చూశారు. సౌగంధి కూడా తల నుంచి పాదం దాకా తెల్ల తొడుగులో వెళ్ళింది. కళ్ళు తప్ప ఏమీ కనపడని ఆ బొమ్మను చూసి మైత్రి కెవ్వుమని, అప్పటికే అలవాటైన నర్సు మెడ కావలించుకుంది. తల్లి మాట్లాడితే, మాట వచ్చేది ఆ ముసుగులోంచి అని దానికి తెలియలేదు, గది నాలుగు మూలలా వెతికింది. ఐదో రోజుకు పిల్ల తిండి మానేసింది. ఎనిమిదో రోజుకు సెలైన్ పెట్టారు.

"తొడుగు లేకుండా దాన్ని ఎత్తుకోగలిగినవాళ్ళు ఎవరూ లేరా డాక్టరుగారూ?" అని సౌగంధి పినాకపాణి చేతులు పట్టుకుని అడిగింది.

"మాత్ర మింగించి నిన్ను పంపుదామంటే, విషం లేని ఒంట్లో చేద ఎముకలోని కాల్షియాన్నే తోడేస్తుంది" అన్నాడాయన. బయట బల్ల మీద కూర్చున్న శేషగిరే లేచాడు.

"నేనున్నాగా. రోజూ మాత్ర మింగేవోణ్ణి, నా ఎముక మీద వాలదు. దాని ఎముక మీదా వాలదు. నా నోట్లోదీ దాని నోట్లోదీ ఒకటే విషం. ఇంక మా ఇద్దరికీ ఎంగిలేంది?"

లెక్కకు అది సరైన మాట. మాణిక్యాంబే సరిచూసి, సరైనదని రాసి సంతకం పెట్టింది. మూడేళ్ళ దాకా ఇద్దరూ బయటికి రాకూడదన్న పత్రం మీద సౌగంధి సంతకం పెట్టింది. శేషగిరి రెండు లుంగీలూ ఒక దుప్పటీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకునేలోపే మైత్రి చేతులు చాచి అతని మీదికి దూకింది. ఆ పూటే అన్నం తిన్నది, అతని నోట్లోంచే.

మందు చక్కగా పనిచేసింది. నెలనెలా పిల్ల మోకాలి మీద అంకె దిగింది. గాజు గదిలోంచి రోజూ రెండు క్యాన్లు బయటికి వచ్చేవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. జిలాని వాటిని కొలిచి అంకెలు మాణిక్యాంబ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

సౌగంధి రోజుకు రెండుసార్లు పాలు పిండి సీసాలో పోసుకుని వచ్చేది. గోడలో చిన్న కిటికీ, దానికి రెండు తలుపులు. సీసా లోపలికి పోతుంది కానీ తిరిగి రాదు. మొదట్లో అద్దానికి చెంప ఆనించి మైత్రీ, మైత్రీ అని పిలిచేది. పిల్ల అద్దం దగ్గరికి వచ్చి అటువైపు నుంచి నాకేది. అది చూసి నర్సమ్మ పరుగున వచ్చి సౌగంధిని వెనక్కి లాగేది, అద్దం మధ్యలో ఉన్నదన్న సంగతి కూడా మర్చిపోయి. రానురాను పిల్ల అద్దం దగ్గరికి రావడం తగ్గించింది.

మూడో నెల చివర, ఒక ఆదివారం పొద్దున, మాణిక్యాంబ అంకెలు చూసుకోవడానికి వచ్చింది. సౌగంధి అప్పటికే అద్దం ముందు ఉంది, చేతిలో పాలసీసా, పైటకు తడి మరకలు. లోపల శేషగిరి గోడకు ఆనుకుని జంతిక నములుతున్నాడు. మైత్రి అతని మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. లోపలి మాటలు బయటికి వినిపించడానికి గోడకు చిన్న స్పీకరు ఉంది.

"అమ్మ" అంది మైత్రి.

అంతవరకూ ఆ పిల్ల మాటనేది ఎరగదు. సౌగంధి సీసా రెండు చేతులతో పట్టుకుంది.

పిల్ల చూస్తున్నది శేషగిరి నోటి వైపు. అతని గడ్డం పట్టుకుని లాగి మళ్ళీ "అమ్మ, అమ్మ" అంది.

శేషగిరి నమలడం ఆపాడు. అద్దం వైపు చూసి, కూతురు నిలబడి ఉండడం చూసి, పిల్ల మొహాన్ని చేత్తో ఇటు తిప్పాడు.

"నేను కాదు తల్లీ, అదుగో అమ్మ. అటు చూడు. అమ్మ అదుగో."

మైత్రి తిప్పిన మొహాన్ని వెనక్కి తిప్పుకుంది. పెదవి విరిచింది. మూడోసారి పిలిచేసరికి గొంతులో ఏడుపు వచ్చింది. పలకకపోతే గుక్కపెట్టేలా ఉంది. గుక్కపెడితే ఆ పూట తిండి తినదు. తిండి తినకపోతే మాత్ర కడుపులో నిలవదు. అది అక్కడున్న నలుగురిలో ముగ్గురికి తెలుసు.

శేషగిరి కూతురి వైపు చూడకుండా కళ్ళు దించుకున్నాడు.

"ఊఁ" అని పలికాడు.

పిల్ల నవ్వి నోరు తెరిచింది. అతను జంతిక ముక్కను వేలితో తీసి ఆ నోట్లో పెట్టాడు.

మాణిక్యాంబ స్పీకరు ఆపబోయింది. సౌగంధి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు నెట్టింది.

"ఉండనీయండి మేడమ్. ఇంకెన్నాళ్ళు?"

"రెండేళ్ళ తొమ్మిది నెలలు" అంది మాణిక్యాంబ.

సౌగంధి పాలసీసాను కిటికీలో పెట్టి తన వైపు తలుపు మూసింది.